పడి లోతు

ఆదోని యార్డులో పొద్దు పదిన్నర.
కాటా మీద హులిగెమ్మ పత్తి బోరెం.
అద్దం వెనక ఎర్రంకె ముప్పై ఎనిమిది,
చీటీ మీద మాత్రం
పదిహేడు వేల ఆరునూర్ల కోట్ల కిలోలు.

"ఏం మేడమ్,
ఊర్లో మిల్లులన్నీ తెల్లార్లూ ఏకినా అంత దూది రాదే"
అని ఖాజావలి చీటీని ఎండకు పట్టి చూసినాడు,
దొంగనోటును చూసినట్టు.
వెనక ట్రాక్టర్ల హారన్లు.

కాటాతో మాట్లాడేది పాత సి.
ఎప్పుడో ఎవరో విండోస్ పెట్టెలో రాసి పోయినాడు.
దానికి లాంగ్ అంటే నాలుగు బైట్లు.
చీటీ కొట్టేది నా జావా.
దానికి లాంగ్ అంటే యాడైనా ఎనిమిదే.
అది నాలుగు గడులు నింపి చేతులు దులుపుకుంది,
ఇది ఎనిమిది గడులు ఎత్తుకొచ్చింది.
హులిగెమ్మ ముప్పై ఎనిమిదికి
పక్క కాటా తిక్కస్వామి నలభై ఒకటి
కొక్కెంలా తగులుకొని వచ్చింది.

మా జేజి కాడ రెండు పడులుండేవి,
ఒకటి తాడిపత్రి సంతలో కొన్నది,
ఒకటి బళ్లారి నుంచి పుట్టింటోళ్లు పంపింది.
కొర్రలు అప్పిచ్చేటప్పుడు
ఫలానా పడి అని చెప్పేది కాదు,
చెయ్యి లోపలికి దించి చూపేది,
ఇదో, ఈ గాజు దాకా.

నేను ఈ యార్డుకొచ్చిన మొదటి రోజు
హులిగెమ్మే అడిగింది, "ఊట ఆయ్తా?" అని.
నీళ్లూరినాయా అంటోందనుకొని
నేను బోరింగు దిక్కు చూసినా.
ఆమె సద్దిమూట విప్పింది.
ఆ పొద్దు జొన్నరొట్టె తిన్నంక గానీ
కన్నడంలో ఊట లోతెంతో తెలియలే.

లాంగ్ అన్న చోటల్లా కొట్టేసినా.
అటు సిలో, ఇటు జావాలో
ముప్పై రెండు బిట్లని
గాజు దాకా చెయ్యి దించి రాసినా.
తిక్కస్వామి బరువు తిక్కస్వామికి పోయింది.
కొత్త చీటీ: ముప్పై ఎనిమిది.

హులిగెమ్మ పాతది కూడా అడిగి తీసుకుంది.
నాలుగు మడతలు పెట్టి
వక్కాకు తిత్తిలో దోపుకుంటా
"ఇట్లాంటి తప్పు
రేటు కాడ ఒక్కసారన్నా పడదేంమ్మా?" అనింది.

ఖాజావలి నవ్వినాడు.
నేను నవ్వలే.
రేటు ఫైలు ఇంకా తెరవలే.
అందులో కూడా ఒక లాంగ్ ఉంది.