వంతు

తెర మీద ఎర్ర బొత్తాం: వంతు ముగించు.
నొక్కను. ఇంకా సెనేటు తేలలేదు.

లాకుల పక్క సెక్షనాఫీసులో రాత్రి పదకొండు.
ట్యూబులైటు చుట్టూ రెక్కల పురుగులు,
బల్ల మీద దాళ్వా నీటి రిజిస్టరు,
దాని మీద నా పాత లాప్‌టాపు,
అందులో రోము.

మూడు వర్గాలు నాకు.
భూస్వాములవి నూట నలభై కుర్చీలు,
సేనానులవి తొంభై,
మిగతావి ఎవరివో ఆట కూడా చెప్పదు,
"ఇతరులు" అని ఊరుకుంటుంది.
ప్రతి పేరు కిందా ఓ సన్న గీత, విధేయత.
పచ్చగా ఉంటే పడుకోవచ్చు.
పసుపైతే ఎవడికో ఒక పదవి.
ఎర్రబడితే మేనకోడల్నిచ్చి పెళ్లి చెయ్యాలి,
లేదా ఆ మొండివాణ్ణి
తిరిగిరాలేనంత దూరపు యుద్ధానికి తోలాలి.
ఇదంతా ఒంటబట్టడానికి
మూడు సామ్రాజ్యాలు పోగొట్టుకున్నాను.

నీటి సంఘం మీటింగుకి అంత పట్టలేదు.
పన్నెండు కుర్చీలు. ఎనిమిది ఎగువ వాళ్లవి.
శివారు వాళ్లు నిలబడే మాట్లాడతారు,
కుర్చీలు లేక కాదు,
కూర్చుంటే కనపడరని.

మొన్న మంగళవారం గోపాలరాజు గారు కళ్లజోడు సర్దుకుని
"ఎగువకి ఐదు రోజులు, శివారుకి రెండు" అని చదివారు.
చేతులెత్తమని ఎవరూ అడగలేదు.
సమోసాలు వచ్చాయి. తీర్మానం అయిపోయింది.

పీతల మంగతాయారు మాత్రం చెంగు నడుముకి దోపి,
"రెండ్రోజుల నీళ్లు మా బోదె తడవడానికే సాలవండి.
మూడోనాడు సముద్రం పైకొత్తాది, ఆయ్,
దానికి మీ వంతులు తెలవ్వు" అంది.

నవ్వారు. మినిట్సు రాస్తూ నేనూ నవ్వాను.
ఆవిడ మాట
"ఇతర విషయములు" కింద ఒక లైనయింది.

ఆటలో అక్విడక్టు కడితే
ప్రజల సంతోషం నాలుగు పెరుగుతుంది.
మా గన్నవరంలో నిజందే ఉంది,
నది నెత్తి మీంచి కాలవ నడిచిపోతుంది.
దాని గోడకి చాలాసార్లు చెయ్యానించి చూశాను.
చెమ్మగా ఉంటుంది, అంతే.
అంకె ఎక్కడా రాసి లేదు.

పన్నెండుంబావు.
బయట ఇనుముని ఇనుము ఒరుసుకున్న చప్పుడు.
శివారు కాలవ తూము షట్టరు.
ఒక చుట్టు. ఆగి,
ఇంకో చుట్టు.

నేను లేవలేదు.
వరండాలో లస్కరు ఏసుపాదం దోమతెర కదల్లేదు.
ఆరేళ్లలో ఆయన గురక లేకుండా నిద్రపోవడం
అదే మొదటిసారి.

తెర మీద అప్పుడే ఎర్రక్షరాలు:
దక్షిణ రాష్ట్రం విడిపోయింది.
సంధా, లంచమా, ముట్టడా అని ఆట అడుగుతోంది.
ఏదీ నచ్చకపోతే నిన్నటి సేవ్ తెరిచి
అసలీ రాత్రే రాలేదనుకోవచ్చు.

లాప్‌టాపు పక్కకి జరిపి
కిందనున్న రిజిస్టరు లాగాను.
"ఈదురుగాలికి శివారు తూము షట్టరు
నాలుగంగుళములు పైకి జరిగినది."
గాలి లేదు.
కొబ్బరి మట్ట ఒక్కటీ ఊగలేదు ఆ రాత్రి.
సంతకం పెట్టాను. టైము వెయ్యలేదు.

తెల్లారి టీవీయస్ మీద గట్టు వెంట ఆరు కిలోమీటర్లు.
చౌడు తేలిన మళ్ల మధ్య
మంగతాయారు పార పట్టుకుని చీలమండల్లోతు నీళ్లలో ఉంది.
నన్ను చూసి పార దింపలేదు.
"ఇయ్యాల మా వంతు కాదు కదండీ" అంది.
"కాదు" అన్నాను.
ఇద్దరం కాసేపు నీళ్లనే చూశాం.
విడిపోయిన గుర్రపుడెక్క మొక్క ఒకటి
పువ్వుతో సహా మెల్లగా తిరుగుతూ
ఆవిడ మడిలోకి వెళ్లింది.

ఆఫీసుకి వచ్చేసరికి తెర నల్లగా ఉంది,
చార్జింగు అయిపోయి.
సేవ్ చెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది.