తరుగు

జూలై ఆఖరి వారం. హన్మకొండ నక్కలగుట్టల
మెట్ల కింద మా ఆఫీసు.
ఫ్యాను వేస్తే ఫైళ్లు లేస్తయి,
ఆపితే మేం లేస్తం.

భూపాలపల్లి నుంచి తొలి బస్సుకు వచ్చిండు
కలవేన ఓదెలు. రాత్రి షిఫ్టు దిగి, పండకుండ.
గోళ్ల సందుల్ల బొగ్గు ఇంకా పోలే.
ఫారం పదహారు మడతలిప్పి టేబుల్ మీద పెట్టిండు,
డాక్టర్‌కు ఎక్స్‌రే ఇచ్చినట్టు.

"ఆదివారాలు గూడ దిగిన మేడం, ప్లేడేలు.
అవన్నీ కలిపేసరికి పై మెట్టుకు పోయిందట పన్ను.
బాయిల మెట్లు దిగినకొద్దీ
కాయితంల మెట్లెక్కుతనా నేను?"

నేను నవ్విన. ఆయన నవ్వలే.

ఎదురు కుర్చీల గుండేటి రాజమౌళి సారు.
ఒకప్పుడు సహకార బ్యాంకుల గుమాస్తా,
ఇప్పుడు మడికొండ అవతల నాలుగెకరాలు,
ఫోన్ల ఎర్రగ పచ్చగ మెరిసే షేర్లు.
వేలు తడిచేసుకోకుండనే ఆయన ఫైలు తిప్పొచ్చు,
అంత సన్నం.

"నిద్రపోతుంటే పెరిగిన పైసలకు పన్నెండున్నర,
నిద్ర చెడగొట్టుకున్న పైసలకు ఇరవయ్యా?"
ఓదెలు అడిగింది నన్ను.
జవాబిచ్చింది సారు.

"తమ్మీ, అవి గూడ ఒకనాటి జీతమే.
పన్ను కట్టినంక మిగిలింది, తినక పెట్టిన.
కరోనా ఏడు సగం మునిగిన.
సర్కారొచ్చి ఆ మునుగుడుల భాగం పంచుకున్నదా?"

అదీ నిజమే అనిపించింది.
రెండు నిజాలు ఎదురెదురుగ కూసుంటే
కీబోర్డు మీద వేళ్లకు దారి దొరకది.

ఓదెలు కుర్చీ వెనక్కి వాలిండు.
సారు ముందుకు వంగిండు, గొంతు తగ్గించి:
"మడికొండ భూమిల మిరప రాయి బిడ్డా.
మూడు లక్షలు. వ్యవసాయం కదా, పన్ను పడది."

ఆ భూమి నాకు తెలుసు. రోజూ బస్సు కిటికీల నుంచి చూస్త.
సున్నం పూసిన నంబర్ రాళ్లు,
తాళమేసిన గేటు, గాలికి చిరిగిన ప్లాట్ల జెండాలు.
రాళ్లు తప్ప మొలిచింది లేదు.

మిరప అనంగనే ముక్కుల ఘాటు.
ఎనుమాముల యార్డుల నాయిన, బస్తాల నడుమ.
తేమ ఉన్నదన్నరు, తాలున్నదన్నరు,
క్వింటాలుకు రెండు కిలోల తరుగన్నరు.
మా నాయిన పన్ను కట్టలే అంటది సర్కారు.
కట్టిండు. కాంటా మీద కట్టిండు,
రసీదు లేకుండ.

ఈ కంప్యూటర్ల గూడ తరుగనే గడి ఉన్నది.
పొద్దున్నే కరీంనగర్ గ్రానైటాయనకు నింపిన.
రాయి కోసే మిషను అరిగిందని
ఏటేటా రాస్తం, ఏటేటా పన్ను తగ్గుతది.
ఇరవై ఆరేండ్లు బొగ్గు కోసిన మోకాలుకు
గడి వెతికిన. పైకి జరిపిన, కిందికి జరిపిన.
లేదు.
ఆ మోకాలు ఇక్కడ జీతమే, ఒక్క అంకె.

"సారూ, మిరప ఏ అడ్తిల అమ్మిండ్రు?"
"రాయి ఏదో ఒకటి."
"తరుగెంత తీసిండ్రు?"

సారు ఫోను చూసుకున్నడు.
షేర్ల రంగు మారిందేమో, నా ముఖమే మారిందేమో.
మిరప తెంపినోడు ధర మరుస్తడు,
కూలి మరుస్తడు, లారీ కిరాయి మరుస్తడు.
తరుగు మరువడు.
"రేపొస్త," అని లేచిండు సారు.
రేపు మా ఓనరుంటడు. ఆయన అడగడు.
అది గూడ నాకు తెలుసు.

ఓదెలు రిటర్ను అయిపోయింది.
ఓటీపీ ఆయన ఫోనుకే పోయింది, చొక్కా జేబుల మోగింది.
తల గోడకు ఆనిచ్చి, నోరు కొంచెం తెరిచి
పండుకున్నడు ఓదెలు.

పది నిమిషాలే గడువు.
లేపబుద్ధి కాలే.
ఫ్యాను ఆయన దిక్కు తిప్పి
ఎగిరే ఫైళ్ల మీద చెయ్యి పెట్టుకొని కూసున్న.
గడువు దాటనీ,
ఇంకోటి అడుగుత.