ఇరుంబు సత్తు కమ్మి

పుదుపేటలో పాతబండ్లు విప్పడం నా పని.
పొద్దున బానెట్ తెరిస్తే
చీకటిపడేలోపు ఒక అంబాసిడర్
బోల్టులుగా, బేరింగులుగా, పిడికెడు తుప్పుగా
గోతాల్లోకి చేరిపోతుంది.
ఎంత సబ్బు రుద్దినా గోళ్ళలో ఇనుము వదలదు.
అన్నం ముద్దలోనూ దాని రుచే.

కూవం కంపు వెనకాలే వస్తుంటే
ఎగ్మూరు ఆస్పత్రికి పది నిమిషాల నడక.
అక్కడ అద్దాలపెట్టెలో నా కూతురు.
ముప్పై ఒకటో వారంలోనే వచ్చేసింది,
వెయ్యిన్నీ నాలుగువందల ఇరవై గ్రాములు.
మా కొట్టు కాటా మీదైతే
ముల్లు కదలను కూడా కదలదు.

నర్సు పొన్నరసి అంది:
ఇలా ముందుగా పుట్టే పిల్లలకి
ఇరుంబు సత్తు కమ్మి.
పదేళ్ళుగా తమిళంలో బేరాలాడే చెవి
ఆ పూట తెలుగులోకి పారిపోయింది.
ఇనుమూ, సత్తు గిన్నే, కమ్మీ
మూడూ మా కొట్టు సరుకే కదా, కిలో ఎంతని అడుగుతోందా?
ఇనుపసత్తువ తక్కువని
మెట్లు దిగుతుంటే అర్థమైంది.
మెట్ల మీదే కూర్చుండిపోయాను.

డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది.
తల్లి నుంచి బిడ్డకి ఇనుము చేరేది
చాలావరకు చివరి మూడు నెలల్లోనేనట.
లోడు పూర్తికాకముందే బండి కదిలిపోయింది.
బొడ్డు వెంటనే కొయ్యకుండా
ఒక నిమిషం ఆగామండీ, అంది.
ఆ నిమిషంలో ఎంత దిగితే అంత మిగులు.
పరీక్షలకని మడమ నుంచి తీసే నెత్తురు
పావు మిల్లీ, అర మిల్లీ
ప్రతిదీ పొన్నరసి పుస్తకంలో రాస్తుంది.
అనవసరంగా ఒక్క చుక్క తియ్యనివ్వదు.
మా సేటు కూడా ఇంత నిక్కచ్చి కాదు.

మా అమ్మ సూళ్ళూరుపేట నుంచి దిగింది
చెంగులో విరిగిన కొడవలి మొన చుట్టుకొని.
పురిటిమంచం కింద ఇనుముండాలి కదా, గాలీ ధూళీ సోకకుండా.
వార్డు గుమ్మంలోనే ఆపేశారు.
"ఇనుము కావాలంటారు, తెస్తే వద్దంటారు,
నా ఇనుమేం పాపం చేసిందిరా?"
నా దగ్గర జవాబు లేదు.

పాప ఎర్రగానే ఉంది కదా మేడం, అన్నాను.
రంగు చూసి మోసపోకండి,
హిమోగ్లోబిన్ ఒక్కటే చూసినా చాలదు,
ఫెరిటిన్ చూడాలి, అంది.
ఇది మాత్రం వెంటనే ఎక్కింది.
కొట్టు ముందు వేలాడే సరుకు చూసి
వెనక గోదాం నిండుగా ఉందనుకునేవాడు
మా వీధిలో రెండేళ్ళు బతకడు.
గోదాం వట్టిపోతే
నెత్తురు పాలిపోకముందే
బుర్ర పస్తుంటుందట.
ఆ ఒక్క మాటకి
రాత్రంతా నిద్ర లేదు.

రెండు వారాలు నిండాక చుక్కల మందు.
రోజుకి నాలుగు మిల్లీగ్రాములు.
బరువు పెరిగితే వాళ్ళే పెంచుతారు, మేం కాదు.
పిల్లర్‌లో గీత దాకా,
గీత దాటితే మందే విషం.
టన్నులకొద్దీ ఇనుము విరిచిన చెయ్యి
ఆ గీత దగ్గర వణికింది.
చెంగమ్మ లాక్కొని తనే పోసింది,
బుగ్గ లోపలికి, మెల్లగా, ఊపిరి బిగబట్టి.

ఇల్లు చేరిన నాలుగో రోజు
గుడ్డ నల్లబడింది, పాత ఇంజనాయిల్ లాగా.
అమ్మ గుండెలు బాదుకుంది.
పొన్నరసి ముందే చెప్పి పంపింది గనక
మేమిద్దరం నవ్వాం.
గుడ్డ నేనే ఉతికాను.

రేపు మళ్ళీ నెత్తురు పరీక్ష.
గోదాంలో ఏమాత్రం చేరిందో
కాగితం చెప్పేదాకా తెలీదు.
రాత్రి కొట్టు మూసి
మూడుసార్లు చేతులు కడిగి కూర్చుంటే
నా వేలు పట్టుకుంది,
నోటి దాకా లాగింది.
చెంగమ్మ చప్పున నా చెయ్యి తీసేసి అంది,
ఆ ఇనుము కాదమ్మా,
నీది సీసాలో ఉంది.