తువ్వాలు

బస్సు దిగాక ఇంకో రెండు కిలోమీటర్లు గట్టు మీద నడక.
సంచిలో ఉప్మా రవ్వ, అగ్గిపెట్టె, ఓడోమాస్,
చందన ఎవరినో అడిగి తెచ్చిన గుడారం.
విప్పితే మడతలోంచి ఒక తళుకుబిళ్ళ రాలింది,
ఎవరి పెళ్ళి ఫొటోలదో.

నూకరత్నం వసతులన్నీ చూపించింది.
అట్టే సేపు పట్టలేదు.
ఒక చేతిపంపు, ముందు దానికే చెంబుడు నీళ్ళు తాగించాలి.
ఒక బల్బు, ఎనిమిదింటికి ఆపేస్తుంది.
ఒక దొడ్డి, రేకు తలుపు, గొళ్ళెం లేదు.
"లోపలికెల్తే తువ్వాలు బయట ఏలాడదీయండి బాబూ,
తువ్వాలుంటే మనిసున్నట్టు.
కప్ప కనిపిస్తే ఏటీ అనకండి,
అది మీకంటే ముందొచ్చింది."

సాయంత్రం ఆవ ఒడ్డున కూర్చున్నాం.
తామరాకుల మీద ఒక పొడుగువేళ్ళ పిట్ట నడుస్తోంది,
అడుగడుగుకీ ఆకు కాస్త కుంగుతుంది,
పిట్ట మాత్రం తన బరువు తనకి తెలియనట్టే పోతుంది.
ముక్కు మూసినా నడుమ సందు మిగిలే కొంగలు
నత్తల్ని లాగుతున్నాయి.
రెండు తాటిబోదెలు జతకట్టిన దోనె మీద
ఎవరో కలువకాడలు తెంపుకుంటూ
మమ్మల్ని చూడకుండానే వెళ్ళిపోయారు.
ఒంటికాలి మీద కదలని గుడ్డికొంగని చూపించి
"మా హెడ్ సిస్టరు" అంది చందన.
నవ్వాను. అది ఎగరలేదు.

పందొమ్మిదేళ్ళు.
నాది ఫర్నేసులో తిరిగే షిఫ్టు,
ఆమెది కేజీహెచ్‌లో, నాకు ఎదురు తిరిగేది.
మా మంచం ఎప్పుడూ చల్లబడలేదు,
ఒకళ్ళు లేచిన గుంటలో ఇంకొకళ్ళం.
ఫ్రిజ్ మీది చీటీలతో కాపురం చేశాం:
పాలు కాచాను. మోటారు ఆపు. నీ చెప్పు కుట్టించాను.
ఇవాళ ఒకే రాత్రి ఇద్దరి చేతికీ వచ్చింది.
ఏం చెయ్యాలో తోచలేదు.
నిద్రపోవడం మాకు రాదు.

అందుకే చూశాం,
పడుకునేవాళ్ళు చూడలేనిదాన్ని.
గిన్నెలు కడిగిన చోటికి వచ్చింది బావురుపిల్లి,
మచ్చలది, పొట్టి తోకది,
నీటి మీద ముంజేయి ఆనించి ఊరుకుంది.
"నాడి చూస్తోంది," అంది చందన గుసగుసగా.
నా మణికట్టు ఆమె వేళ్ళ కింద ఉందని
అప్పుడు గమనించాను.
పిల్లి చటుక్కున ముంచింది.
చేపో కాదో, జమ్ములోకి తీసుకుపోయింది.

మూడు కావస్తుండగా తూర్పు ఎర్రబడింది.
కొంగలు కొన్ని రెక్కలు దులుపుకున్నాయి,
రెండు లేచి, నీళ్ళ మీద చుట్టు తిరిగి,
ఎక్కడ వాలాలో తెలియక అరిచాయి.
"అప్పుడే తెల్లారిందా?"
నేను మాట్లాడలేదు.
అది పొద్దు కాదు. స్లాగ్ పోస్తున్నారు.
ఎన్ని రాత్రులు ఆ ఎరుపుని
నేనే సాగనంపి టీ తాగానో
ఆ రెండు కొంగలకి ఎలా చెప్పను?

నూకరత్నం కూడా మేలుకునే ఉంది,
అడ్డచుట్ట కాలుస్తూ, నిప్పు నోటి లోపల దాచుకుని.
చీకట్లో ఆమె ఉన్నట్టే తెలియదు, పొగ వాసన తప్ప.
"పేక్టరీ వెలుగు," అంది, తిట్టకుండా, మెచ్చకుండా.
"ముసలి కొంగలు లెగవు. పిల్లలే లెగుస్తాయి."
ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.

అసలు పొద్దు వచ్చేసరికి
ఈలబాతులన్నీ ఒక్కసారిగా గోల మొదలెట్టాయి,
సరిగ్గా అప్పుడు మాకు నిద్ర ముంచుకొచ్చింది,
జీవితంలో మొదటిసారి ఒకే గుంటలో ఇద్దరికీ.

లేచేసరికి పదిన్నర.
గుడారం లోపల ఉడికిపోతున్నాం.
జిప్ తీసి తల బయటపెడితే
మొహానికి తడిగా తగిలింది తువ్వాలు.
మాది కాదు.
నూకరత్నం వేలాడదీసి వెళ్ళింది.