బెత్తెడు తక్కువ

సీసా రెండు కిలోలు.
దుకాణంలో చేతికిస్తే
పసిపిల్ల బరువు కూడా లేదనిపించింది.
"నూట నలభైలో గోడకి కొడితే
అప్పుడు దీని బరువెంతో తెలుసా?" అన్నాడు అమ్మేవాడు.
తెలుసు.
పడవల కార్ఖానాలో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేశాను.
వదులుగా ఉన్న ఏ ఇనుమూ నాకు చుట్టం కాదు.

రౌమాలో ఏప్రిల్.
షెడ్డు చూరు నుంచి మంచు కరిగి
ఒక్కో చుక్కే రంగుడబ్బాలోకి.
కారు మా ఇద్దరిదీ, నాదీ, చెల్లెలు ఔతిదీ.
ముసలి టొయోటా. వెనకసీట్లు లేవు, రేడియో లేదు,
ఏడాదికి ఆరు ఆదివారాలు
ట్రాక్ మీద గింగిరాలు తిరగడం తప్ప
దానికి వేరే బతుకూ లేదు.

పోయిన సెప్టెంబరులో ఉర్పో కారు
మూడో మలుపు దాటాక పొగయింది, తర్వాత మంటయింది.
ఉర్పో బయటపడ్డాడు. బాగానే ఉన్నాడు.
అతని సీసా కూడా బాగానే ఉంది
డిక్కీలో, గుడారం కింద, రబ్బరు బూట్ల కింద,
వాళ్లావిడ కట్టిచ్చిన రై రొట్టెల కింద.
ఇల్లంటుకున్నాక బావి తవ్వే రకం కాదు ఉర్పో.
బావి ముందే తవ్వుకున్నాడు.
చేదని అటకెక్కించాడు, అంతే.

అందుకే ఈ శనివారం
కారు కిందకి దూరి వెల్లకిలా పడుకున్నాను.
పెట్రోలు గొట్టం ఎటు పోతోందో
బ్రేకు గొట్టం ఎటు పోతోందో
సుద్దముక్కతో గీసుకున్నాకే డ్రిల్లు పట్టాను.
సీసాతో వచ్చిన ప్లాస్టిక్ పట్టీ చెత్తబుట్టకి.
దాని బదులు ఉక్కువి రెండు,
నేల కింద పాత అయిదు మార్కుల బిళ్లంత వాషర్లు.
కూర్చున్నాను. నాలుగు బెల్టులూ బిగించాను.
కళ్లు మూసుకుని చెయ్యి చాపాను.
మోకాలి పక్కనే, చల్లగా, దొరికింది.
ఆ గర్వం ఒక కాఫీ తాగేంత సేపు ఉంది.

ఔతి రాత్రి డ్యూటీ దిగి ఆసుపత్రి బట్టల్లోనే వచ్చింది.
సీటు ముందుకి జరుపుకుంది, బెల్టులు బిగించింది, కళ్లు మూసింది.
నా మోకాలి పక్కనున్నది
తన నడుం వెనక్కి పోయింది.
వేళ్లు గాలిలో వెతికి వెతికి ఆగాయి.
"ఎంత?"
"బెత్తెడు."
"పోనీలే ఇర్యా, వంగుతాను."
"బెల్టు వంగనిస్తుందా?"
"మంటొస్తే దూకి పరిగెడతాను. దీనితో నాకేం పని?"
"పరిగెత్తడానికే ఇది. కారు కోసం కాదు.
బకిల్ చేతికి తగలని ఆ రెండు ఊపిర్లూ ఉంటాయే,
వాటి కోసం."
కాలిన గాయాల వార్డులో రెండేళ్లు చేసింది తను.
ఇంకేమీ అనలేదు.
జేబులోంచి ఉప్పు లికరిస్ బిళ్ల తీసి
సగం కొరికి, సగం నా నోట్లో పెట్టింది.

బిగించిందంతా విప్పాను.
రెండు చిల్లుల్నీ పూడ్చి వెల్డ్ చేశాను.
నా చేతినే కొలబద్ద అనుకున్నందుకు
నేల మీద నిగనిగలాడే రెండు మచ్చలు.
ఈసారి సీటు పట్టాల మీదే ఒక రేకు,
దాని మీద సీసా, తొడల ముందు అడ్డంగా.
సీటు జరిగితే అదీ జరుగుతుంది.
పొట్టివాళ్లకి దగ్గరగా, పొడుగువాళ్లకీ దగ్గరగా.
ఇంత చిన్న సంగతి తట్టడానికి
నాకు రెండు చిల్లులు పట్టాయి.

ఆదివారం, తనిఖీ.
తౌనో వంగి, సీసాని పట్టుకుని
పంటి డాక్టరులా రెండుసార్లు గుంజాడు.
ముల్లు పచ్చలోనే ఉందా అని చూశాడు.
చీలని వేలితో తాకాడు.
నా వంక చూశాడు.
తర్వాతి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.
తౌనో నోట అంతకన్నా పెద్ద పొగడ్త
ఇరవై ఏళ్లలో ఎవరూ వినలేదు.

ఔతి ముందు వెళ్లింది.
నేను కంచె దగ్గర నిలబడ్డాను.
తను మూడో మలుపు తిరిగిన ప్రతిసారీ
నా కుడిచెయ్యి నన్నడక్కుండా
తొడ ముందుకి పోయి
గాలిని పట్టుకుంటోంది.

మధ్యాహ్నం నా వంతు.
సీటు వెనక్కి లాగాను.
సీసా కూడా చిన్నగా మూలిగి
నాతోపాటు వెనక్కి వచ్చింది.