నల్ల టేపు

దాలయ్య లారీ నా షెడ్డుకి రావడం ఇది మూడోసారి.
మొదటి రెండుసార్లూ
డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం దిగిపోయే పిల్లాడిలా
దీపం ఆర్పేసుకుని
ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"ఎలిగింది బాబూ, ఒట్టు.
సంతబొమ్మాళి మలుపు కాడ ఎలిగింది,
మళ్లీ ఆరిపోనాది."
ఇంజిను బొమ్మ గీసిన పసుప్పచ్చ దీపం,
గోరంత ఉండదు, మనిషికి నిద్ర లేకుండా చేసింది.

స్కానరు తగిలిస్తే తప్పులేవీ లేవంది.
పద్నాలుగేళ్ల బండి, మూడు చేతులు మారింది,
నిన్నటి కోపం ఇవాళ్టికి దాచుకోదు.
పలాసలో ఒకడు సెన్సారన్నాడు, మార్చాడు, నాలుగు వేలు.
నరసన్నపేటలో ఒకడు డీజిలన్నాడు, ఫిల్టరు మార్చాడు.
ఇంకొకడు తెలివైనవాడు,
దీపం మీద నల్ల టేపు అంటించి
యాభై తీసుకున్నాడు.

ఆ టేపు అంచు లేపి చూస్తుంటాడట దాలయ్య
బండి తోల్తూ తోల్తూ,
పుండు మీద పెచ్చు గిల్లినట్టు.

ఈసారి పానాలు ముట్టుకోలేదు నేను.
టార్చీ, ఒక పాత గోనె పట్టుకుని
పక్కసీట్లో కూర్చున్నాను. పద.

నౌపడ. తెల్లారుజాము మూడున్నర.
ఉప్పు కుప్పలు తాటాకులు కప్పుకుని పడుకున్నాయి.
కూలోళ్లు బస్తా వేసినప్పుడల్లా
బండి ఒక మూలుగు మూలిగింది.
తడి ఉప్పు.
టార్పాలిన్ కింద నుంచి అప్పుడే కారడం మొదలెట్టింది.

ఖాళీగా వచ్చేటప్పుడు వెలగలేదు.
లోడుతో రైలు గేటు దాటి
వెనక చక్రాలు పట్టాల మీంచి దిగిన కుదుపుకి
వెలిగింది.
"అదిగో!" అన్నాడు దాలయ్య,
అబద్ధాలకోరు కాదని తేలిన మనిషి గొంతుతో.

పక్కకి తియ్. ఇంజిను ఆపకు.
గోనె పరిచి కిందికి దూరాను.
వైర్ల కట్టని ఒక్కో చోటా వేలితో కదిపాను.
"ఇప్పుడు?"
"ఆరే ఉంది."
"ఇప్పుడు?"
"లేదు బాబూ."
"ఇప్పుడు?"
చాలాసేపు జవాబు రాలేదు.
తర్వాత మెల్లగా, "ఎలిగింది."

క్లిప్పు ఊడిన చోట
వైరు ఇనప పట్టీకి ఒరుసుకుని ఒరుసుకుని
తొడుగు అరిగి రాగి బయటపడింది.
కింది ప్లగ్గు విప్పితే లోపలంతా చిలుము,
నెమలి మెడ రంగులో,
ఎంత అందంగా ఉందో చెప్పలేను.
ఏళ్ల తరబడి మోసిన ఉప్పు
చుక్కా చుక్కా దిగి అక్కడ కాపురం పెట్టింది.

దాలయ్య వంగి చూశాడు.
"నా ఉప్పు తిన్నాది గదా,
ఇశ్వాసం ఉంటాదనుకున్నాను."

పెట్రోలు, పళ్ల బ్రష్షు, ఉప్పుకాగితం ముక్క.
దాన్నీ ఉప్పుకాగితమే అంటాం, ఏం చేస్తాం.
కొత్త క్లిప్పు. రెండు చుట్లు టేపు.
నూట ఇరవై రూపాయల పని.

పైకి లేస్తుంటే టార్చి వెలుగు
క్లచ్చి మీదున్న కాలి మీద పడింది.
చెప్పు వారు చోటు లోతుగా గాడి.
వైరుని నొక్కిన వేలితోనే నొక్కి చూశాను.
గుంట పడింది. నిండలేదు.

"రాత్రంతా తోల్తే ఉంటాది,
పడుకుని లేస్తే పోతాది.
ఆస్పత్రికెల్దామంటే ఆ రోజు అసలే ఉండదు."
"ఎన్నాళ్ల నుంచి?"
"ఉప్పు తగ్గించమంది మా ఆడది. తగ్గించాను,"
అని నవ్వాడు,
వెనక పది టన్నులు పెట్టుకుని.

మాది కవిటి పక్క.
ఇలాంటి కాళ్లు ఎన్ని చూశానో అతనికి చెప్పలేదు.
డబ్బు తీసుకోలేదు.
డాష్‌బోర్డు మీది నల్ల టేపు పీకి
జేబులో వేసుకున్నాను.

"లోడు దింపి తిన్నగా పలాస ఎల్లు.
రగతం చూపించు, ఉచ్చ చూపించు."
"దీపం ఇంకెలగదు గదా?"
"బండిది ఎలగదు."

తలూపాడు, అవుననో కాదనో.
వెనక గేటు పడింది. గూడ్సు వచ్చింది.
నేలతో పాటు బండి అదురుతుంటే
ఇద్దరం ఆ చిన్న బొమ్మనే చూస్తూ కూర్చున్నాం.
వెలగలేదు.
యాభై ఎనిమిది పెట్టెలు, అన్నాడు దాలయ్య,
కాలు సీటు కిందికి లాక్కుంటూ.