సి మైనస్ తర్వాత

జనరల్ కెమిస్ట్రీ నన్ను దాటించింది,
నేను దాన్ని దాటలేదు.
సి మైనస్.
ఆ మైనస్ గీత మీద ఒంటికాలు మోపి
వేసవిలోకి గెంతాను.

డులూత్‌లో ఆగస్టు చివరంటే
సరస్సు మీంచి చలి అప్పుడే
పాత బాకీ అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.
తెల్లవారుజామున మూడున్నరకి
ఆర్వో బేకరీ వెనక తలుపు తోసేసరికి
పిండి నాకంటే ముందే లేచి ఉంటుంది.

రై పిండి బస్తా మీద పెట్టాను ఆ పుస్తకాన్ని.
పన్నెండు వందల పేజీలు, సెకండ్ హ్యాండ్‌ది.
నాకు ముందు దీన్ని మోసినవాళ్ళెవరో
నూట నలభయ్యో పేజీ దాకా పచ్చ రంగు పూశారు.
ఆ తర్వాత అంతా తెలుపే.
ఏమైపోయారో అట్ట మీద రాసి లేదు.

నా భయం ఎక్కడుందో చెప్తాను.
మోల్స్ దగ్గరే నాకు దారి తప్పింది.
టైట్రేషన్‌లో ఒక్క చుక్క,
లేత గులాబీ దగ్గర ఆగాల్సిన ఫ్లాస్కు
బీట్‌రూట్ పులుసై కూర్చుంది,
మూడుసార్లు.
"చేతిని కాదు, కంటిని నమ్ము" అన్నారు ప్రొఫెసర్ వోయ్‌చిక్.
నేను రెండింటినీ నమ్మలేకపోయాను.
ఈక్విలిబ్రియం పాఠమంతా
బాణాలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి,
మధ్యలో నేనొక్కదాన్నే ఎటూ పోలేదు.

ఇందులో లెక్కలు పెద్దగా ఉండవట.
సంతోషించాలా?
అంకెలుంటే కనీసం ఎంత తప్పానో తెలిసేది.
ఇక్కడన్నీ తేనెపట్టు గదులు,
తేనె లేదు, తలుపుల్లేవు,
గదిలోంచి గదిలోకి వంకర బాణాలు.
ఎలక్ట్రాన్లు ఎందుకు ఇల్లు మారతాయో
పక్కింటివాళ్ళలా నేను చెప్పాలి.

పా జోంగ్ నాకన్నా ఏడాది సీనియరు.
"అది వేరే దేశమే, పాత పాస్‌పోర్టు అడగరు" అంది.
అడిగితే?
"అడిగితే ఏడువు. నేనూ ఏడ్చాను.
బి ప్లస్ వచ్చింది."

రొట్టెలు పొయ్యిలోకి వెళ్ళాక పదిహేను నిమిషాలు నావి.
పేజీలు తిప్పుతూ తిప్పుతూ
పచ్చ రంగు అయిపోయిన చోటు దాటి
ఎక్కడో ఆగాను.
కార్వోన్. ఒకటే పేరు, రెండు బొమ్మలు.
అవే అణువులు, అదే వరస,
ఒకటి ఇంకొకదానికి అద్దంలో నీడ.
ఒకటి పుదీనా జాతిదట,
రెండోది కారవే గింజట.

కారవే,
అదే, షాజీరాకి మేనత్త కూతురు,
నా గోళ్ళ సందుల్లో ఉంది, జుట్టులో ఉంది,
రెండేళ్ళుగా నా కోటు జేబులో ఉంది.
అదే జేబులో పుదీనా చూయింగ్ గమ్ కూడా ఉంది.
అరచేతిలో గింజలు నలిపి వాసన చూశాను.
గమ్ కాగితం విప్పి వాసన చూశాను.
మళ్ళీ గింజలు. మళ్ళీ గమ్.

"పురుగు పట్టాయా?" అన్నాడు ఆర్వో.
లేదు, ఇవి రెండూ ఒకటే, అన్నాను.
కాదు, ఒకటి కాదు.
ఒకటే, కానీ...
"నీకు నిద్ర చాలడం లేదు, కైసా"
అని పొయ్యి వైపు తల ఊపాడు.

తొందరలో తోలు గ్లవ్ తొడిగాను.
బొటనవేలికి ఇల్లు దొరకలేదు.
"అది కుడిచేతిది" అన్నాడు ఆర్వో,
స్కూల్లో కెమిస్ట్రీ క్లాసంటే
కిటికీలోంచి దూకి చేపలకి పోయిన మనిషి.

అలా నిలబడిపోయాను కాసేపు,
ఎటు తిప్పినా, తలకిందులు చేసినా
ఎడమకి పట్టని ఆ గ్లవ్‌తో.
ముందు వరస రొట్టెలు నాలుగు కొంచెం మాడాయి.
వాటి డబ్బు నా జీతంలో పట్టుకుంటాడు.

తర్వాతి పేజీలో ఆర్ అనీ ఎస్ అనీ ఏవో గుర్తులు,
గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పమన్నారు.
తిప్పాను. అర్థం కాలేదు.
మూడోసారి కూడా కాలేదు.
క్లాసు మంగళవారం, ఎనిమిదింటికి.
కడుపులో రాయి అలాగే ఉంది,
అంచులు మాత్రం ఏమైనా అరిగాయేమో.

పుస్తకం మూయబోతుంటే కనిపించింది,
పచ్చ రంగు ఎప్పుడూ చేరని ఆ తెల్ల కాగితం మీద
పిండి వేలిముద్ర ఒకటి.
నాదే.
ఏ చేతిదో మాత్రం చెప్పలేను.